రెండు ఇంటూ గుర్తులు

కటింగ్ బల్ల దగ్గర నుంచి,
మార్చి 4

మరదలు పిల్లకి,

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయాను గానీ, ఆ అందరిలో ఒక కాలు బాగాలేదు. అదే, ఎడమ కాలు. రెండున్నరేళ్ళ కిందట నువ్వు నన్ను మీ ఆసుపత్రికి లాక్కెళ్ళి, మీ పెద్ద డాక్టరు చేత ఉబ్బిన నరాలు తీయించి, "ఇక నీ కాలికి ఢోకా లేదు వదినా, పరుగు పందేనికి పో" అని పంపించావు చూడు, ఆ కాలే. వెళ్ళిపోయాడనుకున్న చుట్టం సంచితో సహా మళ్ళీ దిగాడు.

మొదట మోకాలి వెనక చిన్న బుడిపె వచ్చింది. చీమ కుట్టిందనుకుని ఊరుకున్నాను. తర్వాత పిక్క లోపలి వైపు నీలంగా, వంకర టింకరగా ఒక నరం లేచింది. సాయంత్రమయ్యేసరికి కాలు ఇసుక మూటలా ఉంటుంది. చీలమండ పైన చర్మం నల్లబడి ఒకటే దురద. గోకకూడదని తెలుసు, గోకుతున్నాను.

మీ అన్నకి చెప్పలేదు. రోజంతా కంటికి అద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేసే మనిషికి పెళ్ళాం కాలు ఎక్కడ కనపడుతుంది? కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు. నిలబడి తింటే కాళ్ళు కరిగిపోతాయని మాత్రం ఏ పెద్దమనిషీ చెప్పలేదు.

నా పని నీకు తెలుసు. యూనిఫారాల గుడ్డ ఎనిమిది పొరలు పరిచి ఒకేసారి కోయాలంటే ఒంటి బరువంతా కత్తెర మీద మోపాలి. కూర్చుని కోస్తే కింది పొర జారుతుంది. పద్దెనిమిదేళ్ళు ఇలా నిలబడితేనే నన్ను "మాస్టరమ్మా" అంటున్నారు. నిన్న యజమాని నా నడక చూసి "మాస్టరమ్మా, కుంటుతున్నారేంటి?" అన్నాడు. "కొత్త చెప్పులండీ, కరుస్తున్నాయి" అన్నాను. చెప్పులు పాతవేనని ఆయనకీ తెలుసు.

ఒకసారి తీసేసినా మళ్ళీ వచ్చినవాళ్ళకి మీ దగ్గర ఏం చేస్తారు? మళ్ళీ కోస్తారా? కోస్తే మళ్ళీ రావా? ఫోన్ చేయకు. షాపులో ఫోను యజమాని చెవి పక్కనే ఉంటుంది, ఇంట్లో మీ అన్న పక్కన. ఉత్తరం రాయి.

నీ వదిన


నర్సుల క్వార్టర్స్,
మార్చి 11

వదినా,

నీ ఉత్తరం తిప్పి చూస్తే వెనక ఎవరిదో ప్యాంటు జేబు ప్యాటర్న్. నవ్వుకుంటూ చదవడం మొదలుపెట్టాను. చదివాక డ్యూటీలో ఒకాయనకి వేయాల్సిన ఇంజెక్షను చేతిలో పట్టుకుని పక్క మంచం దగ్గర నిలబడ్డాను. ఆయన హడలిపోయాడు.

అవి నరాలు కాదు వదినా, సిరలు. కింది నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్ళే గొట్టాలు. వాటిలో చిన్న చిన్న తలుపులుంటాయి. అవి పాడైతే పైకెక్కిన రక్తం జారి కిందే నిలిచిపోతుంది, గొట్టం ఉబ్బుతుంది. నీకు ఇదంతా అప్పుడే చెప్పాను, నువ్వు నా ఏప్రాను కుట్టు బాగాలేదని వంకలు పెడుతూ కూర్చున్నావు.

మళ్ళీ రావడమనేది ఉంది. లేదని చెప్పను. కానీ మా పెద్ద డాక్టరు చేతిలో రెండున్నరేళ్ళకే, అంత పెద్దగా రావడం నేను చూడలేదు. పన్నెండేళ్ళు ఆయన పక్కన కత్తులూ పట్టకార్లూ అందించినదాన్ని. ఆపరేషనుకి ముందురోజు సాయంత్రం రోగిని పీట మీద నిలబెట్టి, ఒక్కో సిర వెంట పెన్నుతో గుర్తులు పెడతారు. పడుకోబెట్టాక ఉబ్బినవన్నీ అణిగిపోయి ఏమీ కనపడవు కదా, అక్కడ ఆ గుర్తులే దారి. అంత జాగ్రత్త మనిషి. సొంత మనిషి ఆపరేషనులో ఉండొద్దని నీ రోజున నన్ను మాత్రం బయట నిలబెట్టారు. లోపల ఏం జరిగిందో నేను చూడలేదు.

ముందు అక్కడే, రక్తం ఎటు పోతోందో చూపించే డాప్లర్ స్కాన్ తీయించు. నిలబెట్టి తీయమని చెప్పు. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. బిగుతు మేజోళ్ళు వేసుకుంటున్నావా? అబద్ధం చెప్పకు.

నీ మరదలు


ఇంటి వసారా,
మార్చి 27

మరదలు పిల్లకి,

మేజోళ్ళు వేసుకుంటున్నాను. అంటే నీ ఉత్తరం అందిన రోజు నుంచి. నేనూ మీ అన్నా చెరో పక్క పట్టుకుని లాగితే గానీ ఎక్కడం లేదు. దాంతో మీ అన్నకి తెలిసిపోయింది. కంటి అద్దం తగిలించుకుని నా కాలు చూసి, అద్దం తీసేసి బయటికి వెళ్ళి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

స్కాన్ అయింది. రిపోర్టు మొత్తం వేరే కాగితం మీద అక్షరం పొల్లు పోకుండా దించాను. స్కాన్ తీసినావిడ "గజ్జ దగ్గర ఆపరేషను శుభ్రంగా ఉంది, మోకాలి వెనక ఒకటి, పిక్కలో ఒకటి, ఈ రెండు చోట్లా లోపలి నుంచి కారుతోంది" అంది. జానతో కొలిచాను. పిక్కలోది చీలమండకి సరిగ్గా జానెడు పైన.

పడుకోబెడితే కనపడవని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరంలో చదివిందే మొదటిసారి.

రిపోర్టు చూసి ఏం చేయాలో రాయి. పెద్ద ఆర్డరు వచ్చింది, రోజుకి తొమ్మిది గంటలు నిలబడుతున్నాను.

నీ వదిన


నర్సుల క్వార్టర్స్,
ఏప్రిల్ 6

వదినా,

అందరినీ అడిగాను. అడిగినవన్నీ రాస్తాను, ఓపిగ్గా చదువు.

లేజరు, వేడితో మూసేయడం, జిగురు మందు, ఇవన్నీ పొడుగ్గా తిన్నగా ఉన్న సిరకి పనికొస్తాయి. నీకు ఆ పెద్దది ఎప్పుడో తీసేశారు. మిగిలినవి మెలికలు, వాటిలోకి తీగ దూరదు. మళ్ళీ కోయాలంటే లోపల పాత మచ్చ గట్టిపడి ఉంటుంది, ఆ మచ్చలో వెతకడం కష్టం, పక్కన ఉన్న అసలు నరాలు దెబ్బతినొచ్చు. ఇక నురగ మందు. స్కాన్‌లో చూస్తూ సూదితో మందు నురగలా ఎక్కిస్తే సిర గోడలు అతుక్కుని మూసుకుపోతుంది. రెండు మూడుసార్లు చేయాలి. కొన్నాళ్ళకి మళ్ళీ తెరుచుకోవచ్చు. అది చేసినా చేయకపోయినా మేజోళ్ళు తప్పవు, రోజూ కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టి పడుకోవడం తప్పదు, నిలబడటం తగ్గించక తప్పదు. నిలబడొద్దని నీకు చెప్పడమంటే చేపకి ఈదొద్దని చెప్పడమే. నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

ఇంకో సంగతి. నీ రిపోర్టులో ఉన్న ఆ రెండూ కొత్తగా పుట్టినవి కావు. మొదటి నుంచీ ఉన్నవే, దారంతో ముడేసి కట్టకుండా వదిలేసినవి. ఆ రిపోర్టు తీసుకుని నడవాలోనే పెద్దాయన్ని పట్టుకున్నాను. "ఈ రెండూ మీకు కనపడలేదా సార్?" అన్నాను. చాలాసేపు చూశారు. "గుర్తు పెట్టాననే అనుకుంటున్నానమ్మా" అన్నారు. అనుకుంటున్నారట! "మా వదిన రోజంతా నిలబడి బతికే మనిషి సార్. మీరు అనుకుంటే సరిపోదు" అన్నాను. ఇద్దరు చిన్న డాక్టర్లు, వార్డు ఆయా, రోగుల బంధువులు, అందరూ విన్నారు. ఆయన రిపోర్టు మడిచి నా చేతికిచ్చి వెళ్ళిపోయారు.

నన్ను కంటి వార్డుకి మార్చమని దరఖాస్తు పెట్టాను. ఆయన పక్కన నిలబడలేను.

నీ మరదలు


కటింగ్ బల్ల దగ్గర నుంచి,
ఏప్రిల్ 15

మరదలు పిల్లకి,

ఆయన్ని ఏమీ అనకు. అందరి ముందూ అసలు అనకు. పెద్దమనిషి. నా కాలి రాత అలా ఉంది, మధ్యలో ఆయనేం చేస్తాడు? నీ కోపం ముక్కు మీదే ఉంటుందని మీ అమ్మ ఊరికే అనేది కాదు.

వార్డు మార్పు దరఖాస్తు వెనక్కి తీసుకో.

మొన్న బల్ల అంచు తగిలి నల్లబడిన చోట చర్మం చిట్లింది. చిన్నదే. మూలిగే నక్క మీద తాటిపండు. నీరులాగా కారుతోంది, గుడ్డ కట్టుకున్నాను.

(ఇక్కడ నాలుగు వరుసలు కొట్టేశాను. పట్టించుకోకు, మాటలు సరిగ్గా కుదరలేదు.)

నీ వదిన


నర్సుల క్వార్టర్స్,
మే 9

వదినా,

చిట్లితే చిన్నదని గుడ్డ కట్టుకునే మనిషివి నువ్వొక్కతివే. అది పుండు. ఇక్కడైతే నాలుగు పొరల కట్టు కడతారు, వారానికోసారి విప్పి మళ్ళీ కడతారు. మానడానికి నెలలు పడుతుంది. వెంటనే దగ్గర్లో డాక్టరుకి చూపించు. జూలైలో నురగ మందుకి నీ పేరు రాయించాను.

ఇక పెద్దాయన సంగతి. ఆయన ఆపరేషన్లు మానేశారు. ముప్ఫై ఏళ్ళకి పైబడి చేసిన మనిషి. కళ్ళు మునుపటిలా లేవేమోనని అనుమానంగా ఉంది, రోగులకి ప్రమాదం, అని ఒక కాగితం రాసిచ్చి ఇంటికెళ్ళిపోయారు. కళ్ళ పరీక్ష నన్ను మార్చిన కంటి వార్డులోనే చేశారు. చీటీ నేనే రాశాను. కళ్ళు బాగానే ఉన్నాయి. అయినా ఒప్పుకోలేదు.

థియేటర్లో వాళ్ళు నాతో మాట్లాడటం లేదు. నేను ఉన్నమాటే అన్నాను కదా వదినా? రిపోర్టు ఉంది, నీ కాలు ఉంది. మరి ఆయన ఖాళీ గది ముందు నుంచి నడవకుండా వెనక మెట్ల దారిన ఎందుకు పోతున్నానో తెలియడం లేదు. ఏదో ఒకటి రాయి. నువ్వు తిడితే బాగుంటుంది.

నీ మరదలు


ఇంటి వసారా,
మే 18

చెల్లీ,

ఎప్పుడూ మరదలు పిల్లా అని వెక్కిరించే నోరు ఇవాళ అలా పిలవలేకపోతోంది. ఈ ఉత్తరం తలుపు వేసుకుని చదువు.

ఆ ముందురోజు సాయంత్రం మీ పెద్దాయన నన్ను పీట మీద నిలబెట్టి ముప్పావుగంట గీశారు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఆయనకి మౌనస్వామి అని పేరు పెట్టి నీకు చెప్తే పడీపడీ నవ్వావు. ఆ రాత్రి నీ గదిలోనే పడుకున్నాను. పొద్దున ఆరింటికి నువ్వు డ్యూటీకి వెళ్తూ తలుపు దగ్గర నుంచి, "వదినా, కాళ్ళు సబ్బుతో బాగా రుద్దుకుని కడుక్కో, శుభ్రంగా లేకపోతే లోపలికి రానివ్వరు" అన్నావు. నేను రుద్దాను. బట్టల మీద నూనె మరక పోగొట్టినట్టు రుద్దాను. చూసేసరికి గీతలు సగం పోయాయి, మిగతావి మసకబారాయి.

భయమేసింది. తర్వాత, ఇందులో భయమేముంది అనుకున్నాను. సుద్ద గీత చెరిగితే మళ్ళీ గీసుకోవడం నాకు రోజూ ఉండే పనే. నీ బల్ల మీద పెన్ను తీసుకుని ఆ మసక మీదే గీశాను. గీస్తుంటే ఆయన గీత అంతా వంకర. నా చేయి ఊరుకోలేదు. సాపు చేశాను.

అంతవరకైనా ఫర్వాలేదేమో. రెండు చోట్ల గీత మీద ఇంటూ గుర్తులున్నాయి. అవి చెక్కుచెదరలేదు, ఒత్తి పెట్టారు. మా పనిలో గీత మీద ఇంటూ పెట్టామంటే, ఆ గీత తప్పు, అక్కడ కత్తెర పెట్టొద్దు అని. ఈయన కూడా తప్పు గీసి కొట్టేసుకున్నారు, చెరపడం మరిచిపోయారు, అనుకున్నాను. ఎవరైనా పొరపాటున అక్కడ కోస్తారేమోనని, నీ అలమరలో స్పిరిట్ సీసా తీసి, దూదితో ఆ రెండు ఇంటూలూ, వాటి కింది గీతలూ ఆనవాలు లేకుండా తుడిచేశాను. ఒకటి మోకాలి వెనక. రెండోది చీలమండకి జానెడు పైన.

మంచి పని చేశాననుకున్నాను చెల్లీ. థియేటర్లోకి వెళ్ళేముందు కాలు చూసుకుని, ఇప్పుడు బాగుంది అనుకున్నాను.

పడుకుంటే కనపడవని నువ్వు మార్చిలో రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. స్కాన్ ఆవిడ ఆ రెండు చోట్లే చెప్పినప్పుడు ఇక అనుమానం లేదు. అప్పుడే రాయాల్సింది. కడుక్కోమన్నది నువ్వు. చెబితే నువ్వు అన్నం మానేసి ఏడుస్తావని, ఇది నాతోనే పోనీ అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, పద్దెనిమిదేళ్ళ మాస్టరమ్మ గుర్తు చదవడం తప్పిందని చెప్పుకోవడానికి సిగ్గు. నేను నోరు మూసుకున్న రెండు నెలల్లో ఆ పెద్దమనిషి కత్తి కింద పెట్టేశాడు.

ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పు. నా పేరు చెప్పి కాళ్ళు పట్టుకో. నాకు వంగడం కుదరడం లేదు.

నీ వదిన


నర్సుల క్వార్టర్స్,
జూన్ 2

వదినా,

నీ ఉత్తరం మూడు రోజులు ఏప్రాను జేబులోనే పెట్టుకుని తిరిగాను. నీ మీద కోపం వచ్చింది, దాచుకోను. తర్వాత ఇంకో మాట గుర్తొచ్చింది. "సబ్బుతో కడుక్కోండి, గుర్తుల మీద మాత్రం చేయి పెట్టొద్దు." పన్నెండేళ్ళుగా ప్రతి రోగికీ నేనే చెప్పే మాట. నీకు సగమే చెప్పాను. ఇంటి మనిషివి, నీకు కొత్తగా ఏం చెప్పాలి అనుకున్నానో, బస్సు వెళ్ళిపోతుందనుకున్నానో.

నిన్న ఆయన ఇంటికి వెళ్ళాను. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నారు. నిలబడే అంతా చెప్పేశాను. ఇంటూ సంగతి చెప్పినప్పుడు మొదటిసారి తలెత్తారు. "మీ దగ్గర అది కొట్టివేతా?" అన్నారు. "మా దగ్గర, ఇక్కడ కట్టు అని" అన్నారు. చేతిలో పుస్తకం పెట్టెలో పెట్టి, "గీతలు మరీ తిన్నగా ఉన్నాయి. ఆ రోజే చూశాను" అన్నారు.

"చూశారా? మరి అడగలేదేం సార్?"

"ఆ రోజు ఏడు కేసులు. అసిస్టెంటు దిద్దాడనుకున్నాను. బాగా దిద్దాడే అని కూడా అనుకున్నాను."

ఆ రెండూ కట్టి ఉంటే తిరిగి వచ్చేవి కాదా అని అడిగాను. "రాకపోవచ్చు. ఇంకో చోట రావొచ్చు. అన్నీ సరిగ్గా కట్టినవాళ్ళకీ వస్తున్నాయి. మీ వదినకి నా తరఫున చెప్పు, అది నాకూ తెలియదని" అన్నారు. నీ తప్పు కాదని ఒక్క మాట అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. నా తప్పని కూడా అనలేదు.

మళ్ళీ రమ్మని ఏడ్చాను. కళ్ళు బాగానే ఉన్నాయి కదా సార్ అన్నాను. "అడగాల్సిన రోజున అడగలేదు కదమ్మా. అది కళ్ళ జబ్బు కాదు" అని పెట్టెకి తాడు కట్టుకున్నారు. ముడి వేయడానికి నన్ను వేలు పెట్టమన్నారు. పెట్టాను. థియేటర్లో కూడా ఒక్కోసారి ఇలాగే వేలు పెట్టమనేవారు.

జూలైలో రా. ఈసారి గుర్తులు పెట్టేటప్పుడు నేను నీ పక్కనే ఉంటాను.

నీ మరదలు


గుండీల మూల నుంచి,
అక్టోబరు 20

మరదలు పిల్లకి,

ఇది నా కొత్త చిరునామా. నా బల్ల దగ్గర ఇప్పుడు వేరే ఆయన నిలబడుతున్నాడు. కింది పొర కొద్దిగా జారుస్తాడు గానీ మంచివాడే, నా సుద్ద పెట్టె ముట్టుకోడు. యజమాని నన్ను పంపేయలేదు. కుర్చీ వేసి, కాలు పెట్టుకోవడానికి ఎదురుగా ముక్కాలిపీట వేసి, గుండీలు కుట్టమన్నాడు. ఇక్కడి నుంచి చూస్తే అందరి నడుములే కనిపిస్తాయి. సొంత కాళ్ళ మీద నిలబడ్డానని గొప్పగా చెప్పుకునేదాన్ని, ఇప్పుడు ఆ మాట కూడా నాకు పనికిరాదు. ఇంకా మాస్టరమ్మా అనే పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా ఒక్క క్షణం ఆలస్యంగా పలుకుతున్నాను.

జూలైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి నురగ మందు ఎక్కించారు కదా. మోకాలి వెనకది మూసుకుపోయింది. పుండు మానింది. మానిందని నీకు రాద్దామని కాగితం తీసిన వారంలోనే పిక్కలోది మళ్ళీ తెరుచుకుంది, పుండూ తెరుచుకుంది. ఇక్కడి డాక్టరు మూడోసారి ఎక్కించొచ్చు అంటున్నాడు. గ్యారంటీ మాత్రం ఇవ్వనన్నాడు.

కట్టు మీ అన్నే కడుతున్నాడు. కంటి అద్దం పెట్టుకుని పుండు అంచు చుట్టూ చూస్తాడు. "గడియారమైతే ఈపాటికి నడిపించేవాణ్ణే" అన్నాడు మొన్న. నవ్వాలని అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

మీ పెద్దాయనకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మౌనస్వామి కదా. నువ్వు మళ్ళీ థియేటర్లోకి వెళ్ళావని రాశావు, అదొక్కటే ఈ ఏడాది నేను విన్న మంచి మాట. రోగులకి ఆ కాళ్ళు కడుక్కునే మాట పూర్తిగా చెప్తున్నావా?

దీంతోపాటు ఒక ప్యాటర్న్ కాగితం మడిచి పెడుతున్నాను. అది నా ఎడమ కాలు, అసలు కొలత. నిలబడి, కాగితం పిక్క చుట్టూ చుట్టుకుని, ఉబ్బినవన్నీ తడిమి గీశాను. వంకరలు వంకరగానే ఉంచాను, ఒక్కటీ సాపు చేయలేదు. మళ్ళీ తెరుచుకున్న చోట ఇంటూ పెట్టాను. మీ భాషలో అయితే ఇక్కడ పట్టుకుని కట్టండి అని. మా భాషలో అయితే ఇది పోయింది, ఇక వదిలేయండి అని. నేను ఏ భాషలో పెట్టానో నాకే తెలియడం లేదు. కాగితం పెద్దాయన చోటికి వచ్చిన మీ కొత్త డాక్టరుకి ఇచ్చేముందు నువ్వు ఒకసారి చదువు. నీకు ఎలా అర్థమైతే ఆయనకి అలా చెప్పు.

నీ వదిన